కుడి చేత్తో రాసిన ఎడమ చెయ్యి

ఆమెను పిల్లలు మొండి టీచర్ అనేవాళ్లు. ఎదుట కాదు, క్లాసు అయ్యాక మెట్లు దిగిపోతూ. అన్నారని తప్పు పట్టడానికీ లేదు. ఒక వరుస సరిగ్గా పలికేదాకా తర్వాతి వరుస ముట్టుకోనిచ్చేది కాదు. చెయ్యి నొప్పి అన్నా, ఆకలన్నా, కింద నాన్న బండి మీద ఎదురుచూస్తున్నాడన్నా ఆమె జవాబు ఒకటే: "ఇంకోసారి." ఆ సంగీత పాఠశాలలో పద్నాలుగేళ్లుగా కీబోర్డు నేర్పుతోంది. రెండో అంతస్తులో మూడో గది ఆమెది. కిటికీకి ఎదురుగా టైర్ల దుకాణం. రోజంతా గాలి కొట్టే యంత్రం బుసలు కొడుతూనే ఉంటుంది. ఆ బుసల మధ్యే పిల్లలకు తాళం పట్టించింది.

పాఠశాల తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. అందరికంటే ముందు వచ్చి కింది షట్టర్ ఎత్తేది. దాని స్ప్రింగు వదులైందని డైరెక్టర్‌కు రెండుసార్లు నోటితో చెప్పింది, మూడోసారి కాగితం మీద రాసిచ్చింది. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వానాకాలంలో ఒక ఉదయం, సగం ఎత్తిన షట్టర్ ఒక్కసారిగా జారిపడింది. ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దాని అంచు కింద నలిగిపోయాయి. ఆసుపత్రిలో ఆ రెండింటినీ తీసేశారు.

ఎడమ చేతి చిటికెన వేలు మామూలు మనుషులకు పెద్దగా గుర్తుకు రాని వేలు. కీబోర్డు వాయించేవాళ్లకు మాత్రం పాట నిలబడే పునాది అదే. అడుగు స్వరం పట్టేది ఆ వేలే.

ఇంటికి వచ్చిన రోజు ఆమె మొదట చూసింది ముందుగదిలోని బల్లను. దాని మీద పొడుగ్గా దుమ్ము లేని గీత ఉంది, కీబోర్డు లేదు. ఆమె భర్త కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. మాట తక్కువ మనిషి. ఎక్కడ పెట్టారని అడిగితే, దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టానన్నాడు.

"రోజూ కళ్లెదురుగా ఉంటే నీకు బాధగా ఉంటుందని..."

"బాధ నాది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నేను చూసుకుంటాను. కిందికి దించండి."

దించాడు. దుప్పటి విప్పి, బల్ల మీద ఆ గీతలోనే సర్దాడు.

అత్తగారు ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. కట్టు తనే మార్చేది. మొదటిసారి కట్టు విప్పినప్పుడు కోడలు మొహం పక్కకు తిప్పుకుంటే, గడ్డం పట్టుకుని మళ్లీ ఇటు తిప్పింది.

"చూడమ్మాయ్. ఇవాళ చూడకపోతే రేపు ఇంకా భయమేస్తుంది. పోయినవి రెండు. ఉన్న ఎనిమిదింటికీ పని చెప్పకుండా కూర్చోబెట్టి మేపుతావా?"

ఆ మాటకు ఆమెకు ఏడుపు, నవ్వు రెండూ కలిసి వచ్చాయి. ఏడుపే ముందు వచ్చింది.

ఆసుపత్రికి వచ్చినప్పుడు డైరెక్టర్ మీ ఉద్యోగం ఎక్కడికీ పోదని మాట ఇచ్చాడు. పోలేదు కూడా. మూడో గదిలోంచి కిందికి దిగి, వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుంది. విశ్రాంతిగా ఉంటుందని ఆయన అన్నాడు. ఆ బల్ల దగ్గర పదకొండు రోజులు కూర్చుంది. ఫోన్లు ఎత్తింది, గొడుగులు భద్రపరిచింది. మూడో గదిలోంచి కొత్త మాస్టారి పాఠం వినిపించేది. అతను చెడ్డ మాస్టారేమీ కాదు కానీ, పిల్లలు తప్పు చేసినా "బాగుంది, బాగుంది" అని ముందుకు పోయేవాడు. పన్నెండో రోజు ఎవరో పిల్ల ఒకే తప్పును ఆరోసారి వాయిస్తుంటే, ఆమె రిజిస్టర్ మూసి, మెట్లెక్కి, తలుపు తోసి, "ఇంకోసారి" అంది.

ఆ సాయంత్రం డైరెక్టర్ గదిలో చాలాసేపు మాటలు నడిచాయి. సంగీత పరీక్షల సంఘం నియమం ఒకటి ఉందని ఆయన చూపించాడు. పరీక్షకు పంపే విద్యార్థులకు నేర్పే టీచర్ రెండు చేతులతో పాఠం మొత్తం వాయించి చూపగలగాలి. మూడు వేళ్ల చేత్తో అది కుదరదు కదా అని మర్యాదగానే అడిగాడు. కుదిరితే క్లాసు ఇస్తారా అని ఆమె అడిగింది. కుదరనిది కుదిరితే అప్పుడు మాట్లాడుకుందామన్నాడు. ఆమె ఆ మాటను ఒప్పందంగా తీసుకుంది. ఆయన దాన్ని వీడ్కోలుగా అన్నాడు.

సెలవు పెట్టి, ఇంట్లో కూర్చుని మూడు వేళ్లతో చేసి చూసింది. చిన్న పాటలు వచ్చాయి. పెద్దవాటిలో అడుగు స్వరం పట్టబోతే పై స్వరాలు జారిపోయాయి. దుప్పటి పొట్టిదైతే తల కప్పితే కాళ్లు బయటపడ్డట్టు. కీబోర్డులోనే రెడీమేడ్ వాద్యం ఉంది కదా, ఒక మీట నొక్కితే వెనక బ్యాండంతా అదే వాయిస్తుంది కదా అని భర్త మెల్లగా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "అది ఎవరి చెయ్యో. నాది కాదు."

ఆమెకో తమ్ముడు ఉన్నాడు. క్లినిక్కులకు, బడులకు వెబ్ పేజీలు చేసిపెడతాడు. అతనికి ఫోన్ చేసి, కీబోర్డును కంప్యూటర్‌కు తగిలిస్తే తను చెప్పినట్టు అది వింటుందా అని అడిగింది. అతను "వినక ఏం చేస్తుందక్కా, టైపు చేయడానికేగా పెట్టింది. పాడైందా? కొత్తది పంపనా?" అన్నాడు. ఆ కీబోర్డు కాదు, ఈ కీబోర్డు అని అర్థమయ్యేసరికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ప్రమాదం జరిగాక ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి.

ఆదివారం అతను వచ్చాడు. తెచ్చింది ప్రింటర్‌కు పెట్టే తీగ. అదే సరిపోతుందట. ఒక కొస కీబోర్డు వెనక, ఇంకో కొస కంప్యూటర్‌కు. బ్రౌజర్ తెరిచి, పదిపన్నెండు వరుసలు ఏవో టైపు చేశాడు. మొదటి బ్రౌజర్ ఏమీ పలకలేదు. ఇంకో బ్రౌజర్‌లో తెరిస్తే పైన చిన్న పెట్టె వచ్చింది. ఈ పేజీ మీ వాయిద్యాన్ని వాడుకోవాలనుకుంటోంది, ఒప్పుకుంటారా అని. ఆమే ఒప్పుకుంది. తర్వాత నడిమి మీట నొక్కింది.

తెర మీద మూడు అంకెలు పడ్డాయి. 144, 60, 71. మళ్లీ అదే మీట మెత్తగా నొక్కింది. 144, 60, 23. మొదటి అంకె ఏం జరిగిందో చెబుతుంది, రెండోది ఏ మీటో, మూడోది ఎంత గట్టిగానో అని తమ్ముడు వివరించాడు. ఆమె బొటనవేలితో నొక్కింది, వేలి కణుపుతో నొక్కింది, చివరికి కట్టు కట్టి ఉన్న చేతి అంచుతో నొక్కింది. రెండో అంకె మారలేదు.

"ఏ వేలితో నొక్కానో దీనికి తెలియదా?"

"తెలియదక్కా. దానికి అనవసరం."

"అయితే ఇది నాకు నేర్పు."

తనే రెండు రోజుల్లో రాసిస్తానన్నాడు తమ్ముడు. ఆమె వద్దంది. నువ్వు రాసిస్తే అది నీ చెయ్యవుతుంది, నాకు మళ్లీ ఇంకొకరి చెయ్యే మిగులుతుంది అంది. అతనికి అక్క సంగతి తెలుసు. వాదించలేదు.

అలా నలభై ఆరేళ్ల వయసులో, గిన్నెలు కడగడం అయ్యాక, పొద్దుటి ఎండ బల్ల మీద పడే వేళకు, కోడ్ రాయడం మొదలుపెట్టింది. ఒక చుక్క తక్కువైతే పేజీ మొత్తం తెల్లబోయేది. తమ్ముడికి ఫోన్ చేస్తే, చిన్నప్పుడు అక్క దగ్గర పాఠం నేర్చుకుంటూ తను పడ్డ బాధంతా తీర్చుకుంటున్నట్టు "ఇంకోసారి రాయక్కా" అనేవాడు. రాసేది.

ఆమె కోరుకున్నది ఇది: ఎడమవైపు మీటల్లో ఒకదాన్ని ఉన్న మూడు వేళ్లలో దేనితో నొక్కినా, పాటలో ఆ చోట తన ఎడమ చెయ్యి ఇదివరకు ఏం వాయించేదో అది మోగాలి. మెత్తగా నొక్కితే మెత్తగా, గట్టిగా నొక్కితే గట్టిగా, వదిలితే ఆగిపోవాలి. ఆ మీటలు తమంతట తాము మోగకుండా ఆపేసి, పేజీ తిప్పి పంపిన స్వరాలే మోగేలా కీబోర్డును సర్దింది.

మోగింది. కానీ ఆగలేదు. మీట వదిలేసినా స్వరాలు సాగుతూనే ఉన్నాయి. ఇంకో మీట నొక్కితే అవీ వచ్చి కలిశాయి. నాలుగు రోజులు ఇల్లు తేనెతుట్టెలా రొద పెట్టింది. కింది వాటావాళ్లు వచ్చి మోటారేమైనా చెడిపోయిందా అని అడిగి వెళ్లారు. అత్తగారు పత్రిక మడిచి, "అమ్మాయ్, దాన్నైనా ఆపు, నన్నైనా ఆపు" అంది. ఆమె తెర మీది అంకెలను ఒక్కొక్కటే కాగితం మీద ఎక్కించింది. ఐదో రోజున దొరికింది. ఆ పాత కీబోర్డు మీట వదిలినప్పుడు వదిలానని చెప్పదు. సున్నా బలంతో నొక్కానని చెబుతుంది. పేజీ దాన్ని కూడా నొక్కడం కిందే లెక్కవేస్తోంది. మూడో అంకె సున్నా అయితే ఆపెయ్యి అని ఒక వరుస చేర్చింది. ఇల్లు నిశ్శబ్దమైంది.

సంగతేమిటో అత్తగారికి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మా వాడూ అంతే. కాదని ఎప్పుడూ అనడు, చూద్దాంలే అంటాడు. ఆ చూద్దాంలే అంటే కాదని తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. నీకు ఐదు రోజులే పట్టింది." భర్త పక్కనే ఉన్నాడు. ఆ మాటకూ చూద్దాంలే అన్నాడు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. తన ఎడమ చెయ్యి ఏం వాయించేదో ఆమెకు మాటల్లో తెలియదు. చేతికే తెలుసు. ఆ చెయ్యి ఇప్పుడు లేదు. పాత ప్రదర్శనల రికార్డులు వెతికింది. పిల్లల చప్పట్లు, దగ్గులు, కుర్చీల చప్పుడు వెనక తన ఎడమ చేతిని వెతుక్కుంటూ చెవి ఆనించి విన్నది. ఒక్కో స్వరాన్నీ కుడి చేత్తో కీబోర్డు మీద వెతికి పట్టుకుని, పేజీలో ఎక్కించింది. ఒకచోట తను పద్నాలుగేళ్లుగా ఒక స్వరాన్ని కొంచెం ఆలస్యంగా వేస్తోందని తెలిసింది. దిద్దలేదు. ఆ ఆలస్యాన్ని కూడా అలాగే రాసుకుంది. అలా డెబ్భై మూడు ముక్కలు. మూడు నెలలు పట్టింది.

డైరెక్టర్‌కు కబురు పెట్టింది, కుదిరిందని. ఆయన తనే తీర్పు చెప్పే బరువు నెత్తిన పెట్టుకోకుండా పరీక్షల సంఘం నుంచి ఒక పెద్దాయనను పిలిపించాడు. తెల్లగడ్డం, ఇస్త్రీ చొక్కా, మెల్లని గొంతు. ఆమె మూడో గదిలో వాయించింది. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. రెండోసారి తీగ తీసేసి, మీటలు మళ్లీ మామూలుగా మోగేలా పెట్టి వాయించమన్నాడు. వాయించింది. మొదటి పుట గడిచింది, రెండో పుటలో ఎడమ చెయ్యి తేలిపోయింది. ఎక్కడ తేలిపోయిందో ఆయన చెప్పకముందే ఆమే చెప్పింది.

మీ చేతిలో విద్య ఉంది, కానీ సగం కంప్యూటర్ వాయిస్తోంది, దాన్ని నేను మీ వాయింపుగా ఎలా ఒప్పుకోను అని ఆయన అడిగాడు.

"అయ్యా, ఈ కీబోర్డులో వీణ తీగ లేదు, మద్దెల తోలు లేదు, వేణువు ఊపిరి లేదు. నేను మీట నొక్కితే ఒక అంకె లోపలికి పోతుంది. లోపలున్న చిప్పు పాడుతుంది. అది సంగీతమేనని మీ సంఘం ముప్పై ఏళ్లుగా సర్టిఫికెట్లు ఇస్తోంది. అదే అంకె మూడడుగుల తీగ దాటి వెళ్లి తిరిగి వస్తే సంగీతం కాకుండా పోతుందా? అడ్డం ఆ మూడడుగులేనా?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తేడా ఏమిటో నాకు తెలియదమ్మా. నియమం మాత్రం తెలుసు" అన్నాడు. నియమం ప్రకారం అర్హత లేదని రాశాడు. ఆమె లేవలేదు. మీరు విన్నది కూడా రాయండి అంది. ఆయన అదే కాగితం మీద, కింద, వాయింపులో లోపం కనిపించలేదని రాసి సంతకం పెట్టాడు. డైరెక్టర్ పై వాక్యం చదివి, కింది వాక్యాన్ని వేలితో కప్పి పట్టుకున్నాడు.

కింది బల్ల ఉద్యోగం ఇంకా ఉందని ఆయన గుర్తుచేశాడు. ఆమె తాళంచెవి ఆయన ముందు పెట్టింది. "మీ మనసు మారితే కబురు పెట్టకండి. నా మనసు మారదు" అని చెప్పి మెట్లు దిగింది. బస్సు స్టాపులో నిలబడ్డాక, అలవాటుగా సంచిలో తాళంచెవి కోసం వెతికింది. పద్నాలుగేళ్ల ఉద్యోగం కదా. ఇంటికెళ్లి అత్తగారితో చెబితే, ఆవిడ అడిగింది ఒక్కటే: ముందుగదిలో కుర్చీలు ఎన్ని పడతాయని.

నాలుగు పట్టాయి. మొదట వచ్చి కూర్చున్నది ఒక బస్సు కండక్టర్. నలభై దాటాక నేర్చుకోవడం మొదలుపెట్టిన ఆవిడ. పాఠశాలలో కొత్త మాస్టారు ప్రతిదానికీ బాగుందంటుంటే అనుమానమొచ్చి మానేసిందట. "నాకు బాగుందనేవాళ్లు వద్దు టీచరూ. రోజూ ఎనిమిది గంటలు జనం చెప్పే అబద్ధాలు వింటాను, సాయంత్రమైనా నిజం వినాలి" అంది. ఆవిడ వెనక ఇంకో ముగ్గురు వచ్చారు. తలుపు మీద ఏం పేరు రాయాలని తమ్ముడు అడిగాడు. టీచరు తనే పెన్ను తీసుకుని, మొండి టీచర్ అని రాసింది. పిల్లలు ఆ పేరు పలకడానికి మొహమాటపడుతున్నారని ఆమెకు తెలుసు. ఇదివరకు ఒక విధంగా సరిపోయేది, ఇప్పుడు రెండు విధాలా సరిపోతుంది, మార్చడం దండగ అంది. అత్తగారు అక్షరాలు వంకరగా ఉన్నాయని మాత్రం అంది.

పేజీని తమ్ముడు అందరూ తెరుచుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాడు. పైన ఒకే వాక్యం: ఎన్ని వేళ్లున్నా సరే. మొదట్లో ఎవరూ రాలేదు. ఏడో నెలలో ఒక వడ్రంగి నుంచి ఉత్తరం వచ్చింది. రంపం కింద కుడి చెయ్యి పోయిందట, ఎడమ చేతితో నొక్కితే కుడి చెయ్యి పలికేలా చేస్తారా అని. పేజీ మొత్తం తిరగేసి రాయాల్సి వచ్చింది. రాసింది. ఆ తర్వాత పక్షవాతం వచ్చిన ఒకాయన, పుట్టుకతోనే వేళ్లు కలిసి ఉన్న ఒక పిల్ల. ఒక్కొక్కరికీ ఒక్కో వరుస చేర్చాల్సి వచ్చింది. అందరికీ ఆమె చెప్పేది ఒకటే: నా ఎడమ చేతిని వాడుకోకండి, మీది మీరు రాసుకోండి, ఎలా రాయాలో నేను చెబుతాను.

మరుసటి ఏడాది బస్సు డిపోలో కార్మికుల సభ జరిగింది. పట్టుబట్టి టీచర్‌ను వాయించడానికి పిలిపించింది కండక్టరే. పెద్ద రేకుల షెడ్డు, ఇంజను నూనె వాసన, మూడు వందల కుర్చీలు. టీచర్ తీగ తగిలించి, పేజీ తెరిచి, అనుమతి పెట్టె మీద నొక్కి, మొదలుపెట్టింది. రెండు నిమిషాలు గడిచాయి. ముందు వరుసల్లోంచి ఒక డ్రైవరు పక్కవాడితో, అందరికీ వినపడేలా, "చేతులు ఊరికే ఆడిస్తోంది, కంప్యూటరే వాయిస్తోంది" అన్నాడు. కొందరు నవ్వారు. కండక్టర్ లేవబోయింది.

టీచర్ రెండు చేతులూ మీటల మీది నుంచి ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. పాట సగంలో తెగిపోయింది. ఆమె మైకు దగ్గరకు వంగింది.

"కంప్యూటరే వాయిస్తోందన్నారు కదా. వాయించమనండి. నేనూ వింటాను."

కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. కంప్యూటర్ తెర వెలుగుతూనే ఉంది. ఏమీ మోగలేదు. ఎవరో దగ్గారు. బయట ఒక బస్సు వెనక్కి తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆమె కదల్లేదు. నిమిషం దాటింది. వెనక వరుసలో ఎవరో పకపకా నవ్వారు, ఆ నవ్వు ముందుకు పాకింది. డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. చివరికి అతనే లేచి నిలబడి, "సరేనమ్మా, తెలిసింది. మీరే వాయించండి" అన్నాడు.

"మొదటి నుంచి వాయిస్తాను" అంది ఆమె. "సగం పాట వినిపించే అలవాటు నాకు లేదు."

మొదటి నుంచి వాయించింది. రెండో పాటలో ఒకచోట తప్పింది. అక్కడ ఆగి, జనానికి చెప్పి, సరిచేసుకుని మళ్లీ వాయించింది. మొత్తం ఏడు పాటలయ్యాయి. సభ అయ్యాక ఆ డ్రైవరే కీబోర్డు మోసుకొచ్చి బస్సెక్కించాడు. టీచర్ తీగను చుట్ట చుట్టి సంచిలో వేసుకుని, కిటికీ పక్కన కూర్చుంది. రేపు ఏ క్లాసు ఎన్నింటికో చూసుకోవడం మొదలుపెట్టింది.